ముక్కిన దాణా ఎండబెట్టి ఆవులకి వేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మాది ఆనందపురం దగ్గర ఊరు. నాలుగు ఆవులున్నాయి, పాలు మధురవాడలో వాడుక ఇళ్లకి పోస్తాం. మొన్నటి వానలకి షెడ్డు కారి ఆరు బస్తాల మొక్కజొన్న, రెండు బస్తాల వేరుశనగ చెక్క తడిసిపోయాయి. ఇప్పుడు మూతి విప్పితే ఆకుపచ్చ బూజు, ముక్క వాసన. బాగా ఎండబెట్టి మంచి దాణాలో కొంచెం కొంచెం కలిపేస్తే ఏమీ కాదు, గొడ్డు అరిగించుకుంటుంది అని పక్కింటాయన అంటున్నారు. డబ్బు పోతుందని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: వేయొద్దు తమ్ముడూ. ఎనిమిది బస్తాలంటే ఎంత నష్టమో నాకు తెలుసు, అయినా ఇదే చెప్తాను. ఎండబెడితే బూజు పెరగడం ఆగుతుంది, అంతే. అప్పటికే గింజలోకి దిగిన విషం అక్కడే ఉండిపోతుంది. దులిపినా, చెరిగినా, ఉడకబెట్టి కుడితిలో కలిపినా పూర్తిగా పోదు. మంచి దాణాలో కలిపితే ఆ మంచిదాన్ని కూడా పాడు చేసుకున్నట్టే.

ఆ విషం పేరు అఫ్లాటాక్సిన్. మొక్కజొన్న, వేరుశనగ, పత్తి గింజల మీద పెరిగే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు దీన్ని తయారుచేస్తుంది. దీని సంగతి లోకానికి తెలిసిందే దాణా వల్ల: 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, ఏం జబ్బో ముందు ఎవరికీ అర్థం కాలేదు, చివరికి కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క అని తేలింది. మన దేశంలోనే 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు పల్లెల్లో వానకి తడిసిన మొక్కజొన్న తిని దాదాపు 400 మందికి కామెర్లు వచ్చి, పొట్టలో నీరు చేరింది. 106 మంది చనిపోయారు. అదే తిండి తిన్న ఊరి కుక్కలు కూడా పోయాయి.

ఆవు అంత త్వరగా పడిపోదు, అందుకే మీ పక్కింటాయన లాంటివాళ్లకి ధైర్యం. మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి, వెంట్రుక గరుకుబారుతుంది, లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది, దూడలైతే ఇంకా తట్టుకోలేవు. దీనికంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఆవు తిన్న విషంలో సాధారణంగా 1 నుంచి 3 శాతం, బాగా పాలిచ్చే ఆవుల్లో 6 శాతం దాకా, ఎం1 అనే మరో రూపంలో పాలలోకి వస్తుంది. తిన్న ఒక రోజులోపే కనిపిస్తుంది. పాలు కాచినా పోదు, తోడేసినా పోదు, పన్నీరు చేస్తే కిలోకి లెక్కన ఇంకా ఎక్కువ చేరుతుంది. మీరు పోసే పాలు మధురవాడలో ఏ పసిబిడ్డ తాగుతుందో ఒక్కసారి తలచుకోండి. కిలో పాలలో 0.5 మైక్రోగ్రాము దాటకూడదని మన దేశంలో నిబంధన. దాణాలో బి1 అనే రకానికి హద్దు కిలోకి 20 మైక్రోగ్రాములు, అంటే 50 టన్నుల దాణాలో ఒక్క గ్రాము. కంటికి ఎలా కనిపిస్తుంది చెప్పండి? బూజు కనిపించని గింజలో కూడా విషం ఉండొచ్చు.

ఆ దాణా ఇప్పటికే వేసి ఉంటే ఇవాళే ఆపండి. ఆపిన మూడు నాలుగు రోజుల్లో పాలలోంచి విషం దాదాపు పోతుంది, అప్పటిదాకా ఆ పాలు ఎవరికీ పోయకండి. బస్తాలు ఎత్తేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, పశువులు, కోళ్లు తవ్వలేనంత లోతు గొయ్యి తీసి పూడ్చేయండి.

ఇకమీదట కొన్న మొక్కజొన్నని ఇలా చూసుకోండి. బాగా ఆరిన సీసాలో గుప్పెడు గింజలు, చెంచాడు పొడి ఉప్పు వేసి ఒకటి రెండు నిమిషాలు ఊపి, పావుగంట వదిలేయండి. ఉప్పు సీసా గోడకి అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టు. అంటుకోకపోయినా ఇంకో ఎండ చూపించడం మంచిది, నిల్వకి 13 శాతం లోపు ఉండాలి. మనది సముద్రం ఒడ్డు, పగలంతా ఎండిన గింజ రాత్రి గాలికి మళ్లీ చెమ్మ పీల్చుకుంటుంది, కాబట్టి పొద్దు వాలకముందే ఎత్తేయాలి. బస్తాలు సిమెంటు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకి జానెడు దూరంగా పెట్టండి.

ప్రశ్న: భీమిలి వైపు చిన్న కోళ్ల ఫారం ఉందండీ. టాక్సిన్ బైండర్ కలిపితే బూజు మేత వాడొచ్చని షాపులో చెప్పారు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. టాక్సిన్ బైండర్ అంటే విషాన్ని పట్టుకునే పొడి, చాలావరకు బెంటొనైట్ లాంటి మట్టే ఉంటుంది. అది అఫ్లాటాక్సిన్‌ని పేగులోనే పట్టుకుని చాలావరకు బయటికి పంపుతుంది. టి-2 లాంటి వేరే బూజు విషాల మీద మట్టి పెద్దగా పనిచేయదు, మీ మేతలో ఏది ఉందో చూసి చెప్పలేం. మంచి మేతకి తోడుగా వాడండి, బూజు మేతకి మందుగా మాత్రం వద్దు. బాతులు కూడా ఉంటే ఇంకా జాగ్రత్త, అవి అఫ్లాటాక్సిన్‌కి కోళ్ల కంటే ముందు చనిపోతాయి.

ప్రశ్న: మేం ఎంవీపీ కాలనీలో ఉంటాం. గానుగ నూనె వాడుతున్నాం. వేరుశనగ గుళ్లలో ఒక్కోసారి చేదు గింజ వస్తుంది, వేయిస్తే సరిపోతుందా డాక్టర్ గారూ?

జవాబు: వేయిస్తే అఫ్లాటాక్సిన్ కొంత తగ్గుతుందమ్మా, పూర్తిగా పోదు. ముడుచుకున్నవి, రంగు మారినవి, పుచ్చువి వేయించకముందే ఏరేయండి. నూనె ఆడినప్పుడు ఈ విషం ఎక్కువగా చెక్కలోనే మిగిలిపోతుంది, కొంత నూనెలోకీ వస్తుంది. రిఫైన్ చేసే పద్ధతిలో అది దాదాపు పోతుంది, గానుగలో ఆ పని జరగదు. అందుకని నూనె చిక్కదనం కాదు, గానుగాయన పోసే గుళ్లు చూడండి, గుప్పెడు చేతిలోకి తీసుకుని వాసన చూడండి. చేదు గింజ నోట్లో పడితే మింగకండి, ఉమ్మేసి నోరు పుక్కిలించండి. పిల్లలకీ అదే నేర్పండి.