బోర్డులూ రంగు గుర్తులూ లేని అడవి బాటలో దారి తప్పకుండా నడవడం ఎలా?

ఫోన్‌లో మ్యాప్ దించుకుంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. మీరెక్కడున్నారో ఫోన్ చెబుతుంది, కాళ్ల కింద ఉన్నది బాటో కాదో చెప్పదు. దట్టమైన చెట్ల కింద, ఇరుకు లోయల్లో మ్యాప్‌పై మిమ్మల్ని చూపే చుక్క పదుల మీటర్లు పక్కకి జరుగుతుంది కూడా. రెండు బాటలు చీలే చోట ఆ కాస్త తేడా చాలు.

అసలు పని ముందురోజు ఇంట్లో జరగాలి. కాంటూర్ గీతలున్న (ఒకే ఎత్తులోని చోట్లను కలిపే గీతలు) కాగితం మ్యాప్ తీసుకుని, బాట పక్కనే సాగే వాగో గట్టో ఏముందో చూడండి. ప్రతి మలుపుకీ, అది దాటేస్తే తర్వాత ఏం ఎదురవుతుందో రాసుకోండి: "వాగు దాటామంటే కుడి మలుపు వదిలేసినట్టే." చాలామంది మలుపు ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు. అందుకే తప్పామని తెలిసేసరికి బాగా దూరం వెళ్లిపోయి ఉంటారు.

ఎంత సమయం పడుతుందో అంచనా వేయడానికి స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: గంటకు దాదాపు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట. అది మంచి బాటకి. పొదలూ పడిపోయిన చెట్లూ ఉంటే నేనైతే ఒకటిన్నర రెట్లు వేస్తాను. అంటే 10 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు ఉన్న దారికి మూడు కాదు, నాలుగున్నర గంటలు. ఎన్నింటికి వెనక్కి తిరగాలో బయల్దేరే ముందే తేల్చుకుని, ఇంట్లో ఒకరికి చెప్పండి.

దిక్సూచి చూపే ఉత్తరమూ మ్యాప్‌లోని ఉత్తరమూ ఒకటి కావు. ఎంత తేడానో మ్యాప్ అంచున ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అదీ మారుతుంది. 10 డిగ్రీల తేడాని పట్టించుకోకపోతే కిలోమీటరు నడిచేసరికి దాదాపు 175 మీటర్లు పక్కకి పోతారు. దిక్సూచి చూసేటప్పుడు ఫోన్ దగ్గర ఉండకూడదు, ముల్లుని లాగేస్తుంది.

ఎక్కువమందిని మోసం చేసేవి జంతువుల బాటలు. మొదట్లో చక్కగానే ఉంటాయి. కాసేపటికి నడుం ఎత్తులో కొమ్మలు అడ్డొస్తాయి, ఆ తర్వాత బాట రెండు మూడు పాయలై మాయమవుతుంది. మనుషుల బాటకి తల ఎత్తు దాకా ఖాళీ ఉంటుంది, అడ్డంపడ్డ దుంగల్ని రంపంతో కోసిన ఆనవాళ్లు కనిపిస్తాయి. వాన నీరు కోసిన గాడి కూడా బాటలాగే ఉంటుంది, కాకపోతే అది వాలు వెంట నేరుగా దిగిపోతుంది.

చీలిక దగ్గర వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసుకోండి. రాళ్లు పేర్చడం, రిబ్బన్లు కట్టడం మాత్రం వద్దు, మీ వెనక వచ్చేవాళ్లు వాటిని నమ్మి తప్పిపోతారు.

బాట కనిపించకపోతే ముందుకి వెతక్కండి, కచ్చితంగా తెలిసిన చివరి చోటుకి తిరిగి వెళ్లండి. వాగు వెంట దిగితే ఊరొస్తుందనే మాట వినొద్దు, ముందు జలపాతాలూ నిట్టనిలువు రాళ్లూ వస్తాయి. వెనక్కి దారీ తెలియకపోతే ఉన్నచోటే ఆగి ఈల వేయండి: నిమిషంలో 6 సార్లు, నిమిషం విరామం, మళ్లీ 6. నిమిషానికి 3 సార్లు తిరుగు ఈల వినిపిస్తే, విన్నవాళ్లు ఉన్నారని అర్థం. అప్పుడూ కదలొద్దు, వాళ్లు వచ్చేదాకా ఈల వేస్తూనే ఉండండి.