తక్కువ పచ్చిక, ఎక్కువ ఎండ: గుర్రాల మేతపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాకు మూడు ఎకరాల పచ్చిక నేల, ఒక్కొక్కటి సుమారు 400 కిలోల బరువుండే రెండు గుర్రాలు ఉన్నాయి. ఇక్కడ వానలు ఏడాదిలో మూడు నెలలకు మించి పడవు. మొదట్లో గడ్డి బాగానే ఉండేది. ఇప్పుడు సగం నేల బోడిగా మారి దుమ్ము లేస్తోంది, మిగిలిన చోట గుర్రాలు ముట్టని కలుపు మొక్కలే నిలిచాయి. దున్ని మళ్లీ విత్తనం చల్లమని కొందరు, ఒక గుర్రాన్ని అమ్మేయమని కొందరు సలహా ఇస్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: విత్తనం సంగతి తరువాత చూడవచ్చు, ముందు గుర్రాలను ఆ నేల మీది నుంచి తప్పించండి. ఆవుకు పై దవడలో ముందుపళ్లు ఉండవు కనుక అది నాలుకతో గడ్డిని చుట్టి లాగుతుంది, అందువల్ల ఎంతోకొంత మొదలు మిగులుతుంది. గుర్రానికి పైనా కిందా ముందుపళ్లు ఉండడం వల్ల అది గడ్డిని నేలమట్టానికి కొరికేయగలదు. పైగా రుచి చూసిన చోటికే మళ్లీ మళ్లీ వచ్చి, లేతగా వచ్చిన చిగురును కూడా తినేస్తుంది. గడ్డి తిరిగి చిగురించడానికి కావలసిన శక్తి మొదట్లోనూ వేళ్లలోనూ నిల్వ ఉంటుంది. ఆకు నిలవకముందే చిగురును పదేపదే పోగొట్టుకున్న దుబ్బు ఆ నిల్వను ఖర్చు చేసుకుంటూ పోయి, వేరు కురచబడి, నాలుగు ఎండలకే చచ్చిపోతుంది. మీ పొలంలో జరిగింది ఇదే. ఇప్పుడు విత్తనం చల్లినా మొలక వేరూనకముందే గుర్రాల పాలవుతుంది.

కాబట్టి నీడ, నీళ్లు, గట్టి కంచె ఉన్న ఒక మూలను గుర్రాలు ఎప్పుడూ ఉండే ఆవరణగా వేరు చేయండి. అక్కడ పచ్చిక మిగలదని ముందే ఒప్పుకుని, మిగతా నేలను కాపాడుకోవడానికే ఆ మూలను వదులుకుంటున్నామని అనుకోండి. అది ఇరుకుగా కాక, గుర్రం కాళ్లు చాచి పరుగెత్తేటంత పొడవుగా ఉండడం మంచిది. మిగిలిన నేలను మూడు నాలుగు మడులుగా విభజించి, గడ్డి 15 నుంచి 20 సెంటీమీటర్లు పెరిగిన మడిలోకే గుర్రాలను వదలండి, అది 8 నుంచి 10 సెంటీమీటర్లకు తగ్గగానే బయటికి తోలండి. తొలకరి తరువాత నేలంతా పచ్చబడినప్పుడు వెంటనే వదలాలని మనసు లాగుతుంది. ఏడాది మొత్తంలో పచ్చికకు ఎక్కువ హాని జరిగేది ఆ రెండు మూడు వారాల్లోనే కనుక, అప్పుడు ఓపిక పట్టడం విత్తనం కొనడం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది. వాన కురిసి నేల మెత్తగా ఉన్న రోజుల్లోనూ వదలవద్దు, గిట్టల తొక్కిడికి నేల గట్టిపడి నీరు లోపలికి ఇంకదు. ఎండాకాలంలో గడ్డి పెరగదు గనుక మడులు మార్చుకుంటూ పోయినా ప్రయోజనం లేదు, వాన వచ్చేదాకా అన్ని మడులనూ మూసే ఉంచాలి.

ఇక కడుపు నిండే మార్గం ఎండుగడ్డి. గుర్రానికి రోజుకు దాని బరువులో దాదాపు 2 శాతం ఎండుమేత (తేమ పోగా మిగిలే బరువు) కావాలి, ఎట్టి పరిస్థితిలోనూ అది 1.5 శాతానికి తగ్గకూడదు. మీ రెండింటికీ కలిపి అది 16 కిలోలు, ఎండుగడ్డిలోనూ కొంత తేమ ఉంటుంది కనుక రోజుకు సుమారు 18 కిలోల ఎండుగడ్డి అవుతుంది. తొమ్మిది నెలలకు లెక్క వేస్తే దాదాపు ఐదు టన్నులు, చెదిరి వృథా అయ్యేది దీనికి అదనం. గడ్డి దొరికే కాలంలోనే అంత నిల్వ చేసుకోగలిగితే గుర్రాన్ని అమ్మనక్కరలేదు, ఆ వీలు లేకపోతే మాత్రం అమ్మమన్న వారి మాటను ఆలోచించవలసిందే. గుర్రం పొట్టలో ఆమ్లం నిరంతరం ఊరుతూనే ఉంటుంది, గంటల తరబడి మేత లేకపోతే పొట్టలో పుండ్లు పడతాయి. అందుకే గడ్డిని రెండు పూటలకు కాక నాలుగైదు విడతలుగా, చిన్న కళ్ల వలసంచిలో పెట్టండి. బూజు వాసన ఉన్న కట్టను ఎంత కొరత ఉన్నా వాడవద్దు.

ఆ గడ్డిని ఇసుక నేల మీద మాత్రం వేయవద్దు. రాలిన ఆకులతో పాటు మింగిన ఇసుక పెద్దపేగులో పేరుకుని కడుపుశూల తెస్తుంది, ప్రాణం మీదికీ వస్తుంది. గాడిలో వేసి, కింద రబ్బరు పరుపు గానీ గచ్చు గానీ ఉండేలా చూడండి. అప్పుడప్పుడు నేల తగలని తాజా లద్దె ఉండలు నాలుగైదింటిని గాజు సీసాలో నీళ్లు పోసి బాగా కలిపి, పావుగంట కదపకుండా ఉంచండి. సీసా అడుగున ఇసుక పొర కనిపిస్తే పశువైద్యుణ్ణి పిలవాలి. ఇసుక కనిపించనంత మాత్రాన పేగులో లేదని నమ్మకండి, కొన్ని గుర్రాలలో అది బయటికి రాకుండా లోపలే నిలిచిపోతుంది. గడ్డి తినే గుర్రానికి చల్లటి రోజుల్లోనే 25 లీటర్లకు పైగా నీళ్లు కావాలి, మండుటెండలో అంతకు రెట్టింపు తాగవచ్చు. తొట్టి ఎప్పుడూ నిండుగా, పక్కనే ఉప్పుగడ్డ ఉండాలి. కంచె వెంట గన్నేరు మొక్కలుంటే ఈరోజే తీయించండి, ఆకలి మీద ఉన్న గుర్రం కొద్దిపాటి ఆకులు తిన్నా చనిపోవచ్చు.

ప్రశ్న: ఎండుగడ్డి చాలక తవుడు పెంచాను. గుర్రం ఒళ్లు చేసింది కానీ, ఈమధ్య కుంటుతోంది, ముఖం ఎముకలు ఉబ్బినట్టున్నాయి. తవుడు తగ్గించాలా?

జవాబు: తగ్గించండి, ఆలస్యం లేకుండా పశువైద్యునికి చూపించండి. తవుడులో ఫాస్ఫరస్ కాల్షియం కంటే అనేక రెట్లు ఎక్కువ. గుర్రానికి మేతలో కాల్షియం ఫాస్ఫరస్‌కు సమానంగానైనా ఉండాలి, ఎక్కువైతే ఇంకా మంచిది. ఆ లోటు కొనసాగితే శరీరం ఎముకల్లోని కాల్షియంను తోడుకుంటుంది, ఆ ఎముకల్లో మెత్తని కణజాలం చేరి దవడ, ముఖం ఉబ్బుతాయి. నేపియర్, బఫెల్ వంటి ఉష్ణప్రాంతపు గడ్డి రకాలలో ఉండే ఆక్సలేట్లు కాల్షియంను పట్టి ఉంచి ఇదే నష్టాన్ని కలిగిస్తాయి కనుక, గుర్రం అలాంటి గడ్డి మీదే ఆధారపడి ఉంటే ముప్పు రెండింతలవుతుంది. లూసర్న్ అనే పశుగ్రాసంలో కాల్షియం బాగా ఎక్కువ. ఎండుమేతలో నాలుగో వంతు లూసర్న్ కలపడం సాధారణంగా మేలు చేస్తుంది, మీ గుర్రానికి ఎంత కలపాలో పరీక్ష చేసిన వైద్యుడు చెప్పాలి.

ప్రశ్న: ఎండను తట్టుకుంటుందని జొన్న వేసి గుర్రాలకు పచ్చిగా మేపుదామనుకుంటున్నాను. ఫర్వాలేదా?

జవాబు: వద్దు. పశువులకు పచ్చిజొన్నతో కలిగే విషప్రభావం మీరు వినే ఉంటారు, గుర్రాలలో జబ్బు వేరే రూపంలో వస్తుంది. పచ్చిజొన్న కొన్ని వారాలు మేసిన గుర్రానికి వెన్నుపాము దెబ్బతిని, వెనక కాళ్లు తడబడి, మూత్రం ఆపుకోలేక చుక్కలుగా కారుతుంది. ఆ స్థితికి వచ్చాక కోలుకోవడం అరుదు. ఎండకు తట్టుకునే పచ్చిమేత కావాలంటే సజ్జ వేసుకోవచ్చు, దానికి ఈ గుణం లేదు. అయితే కరువులో గిడసబారిన సజ్జలో హాని చేసే నైట్రేట్లు పేరుకుంటాయి గనుక, కోసే ముందు పైరు కోలుకుని తిరిగి ఎదిగిందో లేదో చూసుకోండి.