నలుగురిలోకి వెళ్లే ముందు రెండు పెగ్గులు

ప్రశ్న: విశ్వవిద్యాలయంలో రెండో సంవత్సరం చదువుతున్నాను. నలుగురిలో నోరు విప్పాలంటే హైస్కూలు రోజుల నుంచీ గుండె దడ, చేతుల వణుకు. స్నేహితుల పార్టీకి వెళ్లే ముందు గదిలో ఒంటరిగా రెండు పెగ్గులు తాగి బయలుదేరడం అలవాటైంది. అప్పుడు బాగానే మాట్లాడతాను గానీ, మర్నాడు ఏం వాగానో, ఎవరేమనుకున్నారోనని రోజంతా మథనపడతాను. మొన్న సెమినార్‌కు ముందు కూడా తాగాలనిపించి భయం వేసింది. నేను తాగుడుకు బానిసనవుతున్నానా?

జవాబు: ఒక్క ఉత్తరం చూసి ఆ మాట నిర్ధారించలేను. అయితే మీరు తాగే మోతాదుకంటే, పార్టీ మొదలుకాకముందే ఒంటరిగా తాగుతుండటం నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. భయాన్ని అణచుకోవడానికి తాగేవారు, సరదాకు తాగేవారికంటే తక్కువే తాగినా, చిక్కుల్లో పడే అవకాశం ఎక్కువ.

మద్యం మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచి, ఉద్రేకపరిచే గ్లుటమేట్ అనే రసాయనం ప్రభావాన్ని తగ్గిస్తుంది కాబట్టి కాసేపు దడ అణుగుతుంది. మత్తు దిగేసరికి మెదడు ఎదురు తిరిగినట్లుగా మరింత ఉద్రేకానికి లోనవుతుంది. మీ మర్నాటి మథనంలో కొంత దీనివల్ల వచ్చిందే. మిగిలినది, జరిగిన సంభాషణను తిరగదోడి తప్పులే ఏరుకునే సామాజిక ఆందోళన (నలుగురి ముందు కలిగే భయం) లక్షణం. అన్నిటికంటే పెద్ద నష్టం వేరే ఉంది. తాగి మాట్లాడిన ప్రతిసారీ, మాటలు బాగా సాగిన ఘనత గ్లాసుకే దక్కుతుంది. తాగకుండా మాట్లాడినా కొంపలు మునగవని తెలుసుకునే అవకాశం మీ మనసుకు దొరకదు. భయం ఉన్నచోటే ఉంటుంది, ఒంటికి అలవాటైన కొద్దీ పెగ్గులు మాత్రం పెరుగుతాయి.

అందుకే మద్యం ఒక్కటే మానేస్తే సరిపోదు, భయానికీ చికిత్స కావాలి. ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మానసిక చికిత్స ఇందుకు బాగా పనిచేస్తుంది. అందులో తరగతిలో ఒక సందేహం అడగడం, పార్టీకి తాగకుండా వెళ్లి అరగంట ఉండటం వంటి చిన్న పనులతో మొదలుపెట్టి, దడ పుట్టగానే బయటపడకుండా అది దానంతటదే తగ్గేదాకా నిలబడటం సాధన చేయిస్తారు. వణుకు కనబడకుండా చేతులు జేబులో పెట్టుకోవడం, ఫోన్‌లో తలదూర్చడం, చెప్పబోయే వాక్యాన్ని లోలోపల వల్లించుకోవడం మీకూ అలవాటే అయి ఉండవచ్చు. ఇవి కూడా గ్లాసు చేసే పనే చేస్తాయి కనుక, వీటినీ క్రమంగా వదలమంటారు. తర్వాతి సెమినార్‌నే ఇలా ఎదుర్కోండి, గొంతు వణికినా పరవాలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘ఆడిట్’ అనే 10 ప్రశ్నల పత్రాన్ని దాపరికం లేకుండా పూరించండి. 40కి 8 లేదా అంతకు మించి వస్తే తాగుడు హానికరమైన స్థాయికి చేరిందన్న సూచన. మార్కులు తక్కువ వచ్చినా సరే, విశ్వవిద్యాలయ కౌన్సెలర్‌నో మానసిక వైద్యుడినో కలిసి, భయం గురించీ తాగుడు గురించీ రెండూ చెప్పండి. ఆందోళన తగ్గేందుకు స్నేహితులు వాడే ఆల్ప్రజోలామ్ వంటి మాత్రలు మీరు వేసుకోవద్దు. మద్యంతో కలిస్తే అవి ఊపిరికే ముప్పు తెస్తాయి. తాగుడు ఇప్పటికే రోజువారీ అయి, ఉదయాన్నే చేతులు వణుకుతుంటే, ఉన్నట్టుండి మానేయకండి. మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి.