అలాస్కా నదులకి మ్యాపులు చేస్తానంటోంది మా అమ్మాయి

నల్గొండ నుంచి ఒక నాన్నగారు అడిగారు: "మా అమ్మాయి సివిల్ థర్డ్ ఇయర్. అలాస్కా టండ్రాలో నదులకి మ్యాపులు చేసే పనిలోకే వెళ్తానంటోంది, సాఫ్ట్‌వేర్ అంటే వినట్లేదు. ఆ చలిలోకి ఎలా పంపాలి?"

సార్, చలి గురించి ఇప్పుడే బెంగ పెట్టుకోకండి, ఈ పనిలో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందే జరుగుతుంది. అలాస్కాకి 1950ల నాటి ఫొటోలతో చేసిన ఇంచికి మైలు మ్యాపులే చాలాకాలం దిక్కు, 2010 నుంచి విమానంలో రాడార్ పెట్టి మళ్ళీ కొలిచారు, ఎందుకంటే అక్కడ మబ్బు తొలగదు, రాడార్‌కి మబ్బు అడ్డం కాదు. ఇక శాటిలైట్ ఫొటోల జతల నుంచి మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు చేసిన ఆర్కిటిక్‌డెమ్ అనే నేల ఎత్తుల మ్యాపు ఉంది, రెండు మీటర్లకో ఎత్తు చొప్పున, అదీ ఫ్రీగా.

అమ్మాయిని క్యూజీఐఎస్ అనే ఫ్రీ మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకుని, ఆర్కిటిక్‌డెమ్ నుంచి అలాస్కాలోని కోల్‌విల్ నది దగ్గర ఒక చిన్న ముక్క డౌన్‌లోడ్ చేసుకోమనండి. అసలు సినిమా అప్పుడు మొదలవుతుంది. నీళ్ళ మీద రెండు ఫొటోలు సరిగ్గా కలవవు కాబట్టి నది గుంటలు మిట్టలుగా పిచ్చిపిచ్చిగా వస్తుంది, దాన్ని చదును చెయ్యాలి. ఫొటో తీసినప్పుడు మంచు ఉంటే ఆ మంచు మందం కూడా నేల ఎత్తులో కలిసిపోతుంది. పైగా ఆ ఎత్తులు సముద్రమట్టం నుంచి లెక్కేసినవి కావు, పాత మ్యాపుతో నేరుగా పోలిస్తే తేడా కొడుతుంది. ఇదంతా రెండు నెలలు కూర్చుని చేసి ఇంకా ఇష్టమే అంటే ఆపకండి, విసుగొస్తే ఆమే చెప్తుంది.

చదువంటే గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ (నేల కొలతలు, మ్యాపుల చదువు) పేపర్ ఉంది, ఎంటెక్‌కి డెహ్రాడూన్‌లో ఇస్రో వాళ్ళ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఐఐఆర్‌ఎస్, రూర్కీ ఐఐటీ చూడొచ్చు. మీ పక్కనే హైదరాబాద్ బాలానగర్‌లో ఇస్రో వాళ్ళ శాటిలైట్ ఫొటోల కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా ట్రైనింగ్ సంస్థ ఉన్నాయి, ప్రైవేట్ జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల) కంపెనీలు సరేసరి. ఇవే ఎత్తుల లెక్కలు గోదావరి వరద మ్యాపులకీ పనికొస్తాయి, కాబట్టి అలాస్కా దక్కకపోయినా చదువు వేస్ట్ కాదు.

ఒకటి మాత్రం ముందే చెప్పండి, అమెరికా ప్రభుత్వ సర్వేలో ఉద్యోగాలు చాలావరకు అక్కడి పౌరులకే. మనవాళ్ళకి దారి పీహెచ్‌డీ, ఫెయిర్‌బ్యాంక్స్‌లో అలాస్కా యూనివర్సిటీ లాంటి చోట. సాఫ్ట్‌వేర్ అన్నారు కదా, పైథాన్ ప్రోగ్రామింగ్ రాకపోతే ఇక్కడా పని జరగదు, అది ఈ సెలవుల్లోనే మొదలెట్టించండి.