మీరడిగారు: మనకే కష్టంగా ఉన్నప్పుడు ఇంకొకరికి పెట్టొచ్చా?

ప్రశ్న: మా ఆయన హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూసేవారండి. ఉద్యోగం పోవడంతో కాకినాడ వచ్చేశాం. అత్తగారింటి ముందు గదిలో నేను కర్రీ పాయింట్ పెట్టాను. అమ్మకం బాగానే ఉంది కానీ మా వీధిలో చాలామందికి పనుల్లేవు, “నెలాఖరుకిస్తాం అక్కా” అని అరువు పట్టుకెళ్తున్నారు. కాదనలేకపోతున్నాను. అత్తయ్యగారేమో “నువ్వేమన్నా డొక్కా సీతమ్మవా?” అంటున్నారు. ఆవిడ మాట తప్పు కదా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: సగం తప్పమ్మా, సగం రైటు. సీతమ్మగారి పేరెత్తారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలిగా వెళ్లి, గోదావరి పాయలు దాటొచ్చిన వాళ్లు ఏ వేళకు తలుపు తట్టినా అన్నం పెట్టిన మనిషి ఆవిడ. బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి రాష్ట్ర ప్రభుత్వం ఇప్పుడు ఆవిడ పేరే పెట్టింది. కానీ ఆ వంటింటి వెనకాల భర్త జోగన్నగారి పొలం ఉంది. పెట్టింది ఇంటి పంట, తిన్నవాళ్ల పేరు ఏ పద్దులోనూ రాసుకోలేదు. మీరిస్తున్నదేమో రేపటి నూనె ప్యాకెట్టు డబ్బు, అదీ పుస్తకంలో రాసుకుని మరీ ఇస్తున్నారు. అలా ఇస్తే మీకు డబ్బూ రాదు, పుణ్యమూ రాదు, బాకీ తీర్చలేనివాడు మొహం చాటేసి పక్క సందులోంచి వెళ్లిపోతాడు, ఉన్న గిరాకీ కూడా పోతుంది.

అందుకని అరువు ఈ నెలతో ఆపేయండి. దాని బదులు రోజుకు ఇన్ని ప్యాకెట్లు ఊరికే ఇస్తానని మీరే ఒక లెక్క పెట్టుకోండి, రెండో మూడో, గిన్నెలోంచి తీసి ముందే పక్కన పెట్టేయండి. ఎవరికిచ్చారో రాయొద్దు, అత్తయ్యగారికి కూడా చెప్పక్కర్లేదు! మిగిలినవి ఇవ్వాలనుకుంటే మధ్యాహ్నం మూడింటికల్లా ఇచ్చేయండి, ఎండాకాలంలో కాకినాడ ఉక్కకి పప్పు రాత్రి దాకా ఆగదు. అసలేమీ లేనివాళ్లకి అన్న క్యాంటీన్ ఉంది, ఐదు రూపాయలకి భోజనం, దారి చూపించండి చాలు.

ఇక మీ వ్యాపారం పెరిగే అవకాశం సంగతి. చేతిలో డబ్బు ఆడనప్పుడు జనం హోటల్ భోజనం మానేస్తారు కానీ, కుక్కర్లో అన్నం పడేసుకుని కూర మాత్రం బయట కొనుక్కునేవాళ్లు పెరుగుతారు, కర్రీ పాయింట్ నడిచేదే వాళ్ల మీద. ఒక్కరికి సరిపడా చిన్న ప్యాకెట్ పెట్టి చూడండి. మీ ఊళ్లో జేఎన్‌టీయూ పిల్లలున్నారు, పెద్దాసుపత్రిలో రోగుల కూడా వచ్చినవాళ్లున్నారు, వాళ్లకి బెండకాయ వేపుడు, ముక్కల పులుసు తీసుకెళ్లి ఇచ్చే మనిషి కావాలి. అరువడిగే వాళ్లలో బండి ఉన్న కుర్రాడు లేడా? పొద్దున్నే కూరలు తరిగి పెట్టే ఆడమనిషి లేదా? ప్యాకెట్ అరువిచ్చే కంటే రెండు గంటల పని ఇచ్చి చేతికి డబ్బివ్వడం నాకైతే ఎక్కువ నచ్చుతుంది.

దుకాణం పెంచడానికి నూటికి ఐదు రూపాయల వడ్డీకి మాత్రం వెళ్లకండి, ఏడాదికి అరవై శాతం అది. ముద్ర పథకంలో శిశు రుణం 50,000 దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, బ్యాంకులో అడగండి. ఇంటి గ్యాస్ బండతో వ్యాపారం చేస్తుంటే 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌కి మారండి, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోండి.

ఇంకో మాట. ఉత్తరం మొత్తంలో మీ ఆయన ఇప్పుడేం చేస్తున్నారో ఒక్క ముక్క లేదు. అకౌంట్స్ వచ్చిన మనిషి ఇంట్లో ఉండగా మీరు అరువు పద్దులతో టెన్షన్ పడుతున్నారా? ముందు మీ లెక్కలు ఆయనకి అప్పగించండి. ఆ తర్వాత మీ వీధిలో జీఎస్టీ రిటర్నుకి కష్టపడే కిరాణా కొట్లు, మందుల షాపుల లెక్కలు చూస్తారేమో అడగండి.

ప్రశ్న: లేఆఫ్ అయిన స్నేహితుడు ముప్పై వేలు చేబదులు అడిగాడు. నాకూ ఈఎంఐలున్నాయి. లేదంటే బాధపడతాడు, ఇస్తే తిరిగొస్తుందన్న నమ్మకం లేదు.
– పాఠకుడు, మియాపూర్

జవాబు: తిరిగి రాకపోయినా మీకు నిద్ర పట్టే మొత్తమెంతో చూసుకుని, అది ఐదు వేలైనా సరే, “ఇది తిరిగివ్వక్కర్లేదురా” అని ఇచ్చేయండి. ఆపైన మీకు తెలిసిన నలుగురు మేనేజర్లకి మీరే ఫోన్ చేయండి, రెజ్యూమె ఫార్వర్డ్ చేసి ఊరుకోవద్దు. ఉద్యోగం పోయినవాళ్లు పీఎఫ్‌లో 75 శాతం దాకా తీసుకోవచ్చన్నది చాలామందికి తెలియదు, అతనికి చెప్పండి. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా మాత్రం మామూలుగా ఉద్యోగంతో పాటే పోతుంది. ఇంట్లో పెద్దవాళ్లుండి సొంత పాలసీ లేకపోతే, మీరిచ్చే డబ్బు మొదట ఆ ప్రీమియానికే కట్టమనండి.