మే నెలలో గండికోట టికెట్లు అమ్మకండి

"వాతావరణం ఇలా మారిపోతుంటే పర్యాటక సంస్థలు పర్యావరణం కోసం నిజంగా ఏం చేయగలవు?" అని అడిగారు. మాది జమ్మలమడుగు. గండికోట దగ్గర ఆరు సీజన్లు చిన్న టెంట్ల క్యాంపు నడిపాను. నాకు తగిలిన దెబ్బల నుంచే చెప్తాను.

మొదట్లో నేనూ అందరిలాగే బోర్డులు పెట్టాను. 'ప్లాస్టిక్ వాడొద్దు', 'నీటిని పొదుపు చేయండి'. ఖాళీ సీసాలు సరిగ్గా ఆ బోర్డుల కిందే పడుండేవి. సాయంత్రం గాలి లేచిందంటే పేపర్ ప్లేట్లు ఎగిరి పెన్నా లోయలో పడేవి. అక్కడికి దిగి ఏరేదెవరు?

నా కళ్లు తెరిపించింది ఒక మే నెల. ఒక ట్రావెల్స్ వాళ్లు ఇరవై మందిని మిట్టమధ్యాహ్నం కోటలో దించారు. రాయి మీద కాలు పెట్టలేని ఎండ. ఒక పెద్దావిడ మాధవరాయస్వామి గుడి దగ్గర కూలబడిపోయింది. చేయి పట్టుకుంటే కాలిపోతోంది, చుక్క చెమట లేదు. తడి తువ్వాళ్లు కప్పి, విసురుతూనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. దేవుడి దయవల్ల కోలుకుంది. నేను తిరిగొచ్చేసరికి మిగతావాళ్లు ఎండకు తాళలేక రెండేసి సార్లు స్నానాలు చేశారు, డ్రమ్ములన్నీ ఖాళీ. మా వంటామె గరిటె పట్టుకుని నిలబడి, "ఇంగ సంగటికి ఎసరు దేంతో పెట్టల్లన్నా?" అంది.

ఆ తర్వాతి ఏడాది నుంచి ఏప్రిల్, మే బుకింగులు ఆపేశాను. మిగతా నెలల్లో సాయంత్రం నాలుగు తర్వాతే రావాలి, సూర్యోదయం చూసుకుని తొమ్మిదికల్లా బయల్దేరాలి. డబ్బు కట్టకముందే ఫోన్‌లో చెప్పేవాణ్ణి: "ఇక్కడికి నీళ్లు ట్యాంకర్‌లో వస్తాయి, మనిషికి రెండు బకెట్లు, షవర్ ఉండదు." కొందరు ఫోన్ పెట్టేశారు. వచ్చినవాళ్లు మాత్రం ఒక్కరూ గొడవ పడలేదు. వారానికి మూడు ట్యాంకర్లు పట్టేచోట రెండు సరిపోయాయి. సంస్థల చేతిలో ఉన్న అసలు ఆయుధం ఇదేనని నా నమ్మకం: బుకింగ్ అప్పుడే నిజం చెప్పడం, వేళలు మార్చడం. బెలుం గుహలు చల్లగా ఉంటాయని ఎండాకాలంలో జనాన్ని పంపేవాళ్లున్నారు. లోపల ఎంత ఉక్కపోతో వెళ్లొచ్చినవాళ్లను అడగండి.

పక్కనే 26.85 టీఎంసీల రిజర్వాయర్ పెట్టుకుని నీళ్ల కరువేంటి అని కొందరు నవ్వుతారు. ఆ నీళ్ల కింద ఊళ్లు పోగొట్టుకున్నవాళ్ల ముందు ఆ మాట అనగలరా?

ఇంకో పొరపాటు. పర్యావరణం అనగానే స్టీలు ప్లేట్లు అంటారు. నేనూ కొన్నాను. కడగడానికే రోజూ ఒక డ్రమ్ము నీళ్లు పోయాయి! చివరికి విస్తరాకులకు మారాను. నీళ్లు పుష్కలంగా ఉన్నచోట స్టీలే మంచిదేమో, మా సీమలో కాదు. పక్క ఊరి రైతుల దగ్గరే జొన్నలు, కొర్రలు కొని రొట్టెలు, కొర్రన్నం, చెనిక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) పెట్టాం. పన్నీరు అడిగేవాళ్లు కూడా రెండోసారి వడ్డించుకున్నారు. సీసాలకు డిపాజిట్ పెట్టాను, నీలగిరుల్లో మద్యం సీసాలకు 10 రూపాయలు పెట్టినట్టు. నేను 20 తీసుకుని, ఖాళీ సీసా ఇస్తే తిరిగిచ్చేవాణ్ణి. బోర్డులకు లొంగనివాళ్లు ఇరవై రూపాయలకు లొంగారు.

కానీ ఇవన్నీ చిన్న లెక్కలే. ప్రపంచ గ్రీన్‌హౌస్ వాయువుల్లో పర్యాటకం వాటా సుమారు 8 శాతమని 2018లో ఒక అధ్యయనం తేల్చింది. అందులో ప్రయాణాలదే పెద్ద భాగం. 2030కి ఉద్గారాలను సగం చేస్తామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో చాలా పర్యాటక సంస్థలు సంతకాలూ పెట్టాయి. ఇక్కడ చూస్తే బెంగళూరు నుంచి ఇద్దరికో కారు. రైల్లో వస్తే ముద్దనూరు స్టేషన్ నుంచి ఉచితంగా ఆటో పంపుతానని చెప్పి చూశాను. ఆరు సీజన్లలో అలా వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తెల్లవారుజామున దిగాక టీ దొరకదు, తిరుగు రైలుకు వ్యాను దొరుకుతుందన్న నమ్మకం లేదు, పిల్లలతో అంత టెన్షన్ ఎవరు పడతారు? నాలాంటి ఒక్క క్యాంపువాడు దీన్ని మార్చలేడు. రైలు టైముకు వ్యాను, గది, భోజనం కలిపి ఒకే టికెట్‌గా అమ్మే పని పెద్ద సంస్థలే చేయాలి. ముందు ముద్దనూరు నుంచి ఒక్క వ్యానుతో మొదలుపెట్టినా చాలు.