ఎడారి పటంలో ఇన్ని వాగులా?

ప్రశ్న: ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య అమెరికాలోని నెవాడా ఎడారి పటం ఒకటి దొరికింది. కింద 1952 అనీ, స్కేలు 1:62,500 అనీ ఉంది. ఎడారి అంటూనే నిండా నీలి గీతలు! కొండల మీద ఇంటూ గుర్తులున్నాయి. అవి బంగారు గనులేనా? లామినేషన్ చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: బంగారం సంగతి తర్వాత, ముందు భూతద్దం తీయండి. ఆ నీలి గీతలు తెగి తెగి, మధ్యమధ్య చుక్కలతో ఉంటాయి. వాన పడితేనే పారే వాగులవి. మన సర్వే ఆఫ్ ఇండియా షీట్లలో ఎండిన వాగుకు నల్ల సిరా వాడతారు కాబట్టి ఇక్కడి కళ్లకు అది జీవనది అనిపిస్తుంది. నాకైతే ఆ పటంలో అసలైన నిధి చిన్న నీలి సున్నా, దానికి వంకర తోక. అది ఊట. కాస్త దగ్గరలోనే చిన్న నల్ల చదరం, అక్కడికి వచ్చి ఆగిపోయే మట్టి దారి కనిపిస్తే అది పశువులు పెంచేవారి ఇల్లే అయి ఉండవచ్చు. ఆ నేలలో నీరున్న చోటే మంద, మంద ఉన్న చోటే మనిషి.

ఇంటూ గుర్తంటే ఎవరో ఆశపడి తవ్వి చూసిన గొయ్యి, అంతే. ఖనిజం దొరికిందని అర్థం కాదు. సగం నలుపు నింపిన చదరం నిలువు గని, వై ఆకారం కొండలోకి తొలిచిన సొరంగం. దొరికిన చోట మాత్రం ఏమైంది? నెవాడాలోనే రయోలైట్ అనే ఊరుంది. 1904లో ఆ పక్కన బంగారం బయటపడగానే వేల మంది వచ్చిపడ్డారు. 1907లో కరెంటు వచ్చింది, మూడంతస్తుల బ్యాంకు భవనం లేచింది. 1920 నాటికి ఊరు దాదాపు ఖాళీ!

దూరాలు కొలవాలంటే అంగుళానికి ఇంచుమించు మైలు. సర్వే చదరాలు గీసి ఉంటే ఒక్కొక్కటీ సుమారు మైలు పొడవు, మైలు వెడల్పు.

లామినేషన్ మాట తలపెట్టకండి. ఒకసారి వేడికి అతుక్కున్న ప్లాస్టిక్‌ను కాగితం పాడవకుండా ఊడదీయలేం. సెల్లోటేపు కూడా వద్దు. మడతలు విప్పి, ఆమ్లం లేని కాగితాల మధ్య పరిచి, వానాకాలంలో చెమ్మ పట్టే గోడకు దూరంగా ఉంచండి. అమెరికా జియలాజికల్ సర్వే తన పాత పటాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. అదే ప్రాంతానికి మరో ఏడాది పటం ఉంటే దించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. ముందుగా ఊటల దగ్గరి ఇళ్లు వెతకండి.